జలగ పరుపు

రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి విజయవాడ ఆటోనగర్‌లో పానా ఎండలో వదిలేస్తే, మళ్ళీ దాన్ని గుడ్డ చుట్టి పట్టుకోవాల్సిందే. అలాంటి ఎండలో, పిచ్చేశ్వరరావు మెకానిక్ షెడ్డు పక్కన, లారీ కమాను కట్టలు సాగగొట్టే కొలిమి దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు రత్నం. ఒంటిమీద రెండు స్వెట్టర్లు, నెత్తిన కోతిటోపీ, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు. చేతులు నిప్పుకి జానెడు దూరంలో చాపి ఉన్నాడు. వణకడం లేదు. వణికినా బాగుండేది. వణుకంటే ఒళ్ళు ఇంకా చలితో కొట్లాడుతోందని. రత్నం ఒళ్ళు కొట్లాట మానేసి నాలుగు నెలలయింది.

"ఎవడ్రా ఆ పిచ్చోడు, ఎండాకాలంలో చలి కాచుకుంటున్నాడు?" అన్నారు దారిన పోయే లారీలోంచి.

"నీ బాబు!" అని అరిచాడు పిచ్చేశ్వరరావు, లారీ కిందనుంచే. రత్నం అతని చెల్లెలి మొగుడు. ఆటోనగర్‌లో అందరూ పిచ్చయ్య మేస్త్రీ అని పిలిచే ఈ మనిషికి చదువు ఆరో తరగతితో ఆగింది, నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఆ చెల్లెలు సామ్రాజ్యం గ్లాసుతో ఉలవచారు తెచ్చింది. పొగలు కక్కుతోంది. రత్నం దాన్ని మజ్జిగ తాగినట్టు గటగటా తాగేశాడు. ఆమె మొగుడి నోట్లో థర్మామీటరు పెట్టి, తీసి చూసింది. తొంభై నాలుగు. నిన్నా తొంభై నాలుగే. నాలుగు నెలలుగా అంతే.

అప్పుడే ఏసీ కారు వచ్చి ఆగింది. దిగినవాడు శశాంక్, హీటరు కంపెనీ ఇంజనీరు. రత్నం వైపు చూడకుండా నేరుగా మేస్త్రీ దగ్గరకొచ్చి, ఒక కాగితం తీశాడు.

"మేస్త్రీగారూ, ఒక్క సంతకం. 'ఇంజనులో థర్మోస్టాట్ వాల్వు నేనే పీకేశాను, ప్రమాదం అందువల్లే జరిగింది, హీటరులో లోపం లేదు' అని. అంతే. సంతకం అయితే రేపే మీ బావగారిని బెంగళూరు మా ల్యాబుకి తీసుకెళ్తాం. ఒంట్లో వేడి మళ్ళీ పుట్టించే వైద్యం మా దగ్గర ఉంది. ఇంకెక్కడా లేదు."

"చెయ్యకపోతే?"

"శుక్రవారం ఈ ప్రమాదం మీద సర్కారు విచారణ ఉందిగా. వాల్వు ఎవరు పీకారో అక్కడెలాగూ తేలుతుంది. అప్పుడు వైద్యమూ ఉండదు, మీ షెడ్డూ ఉండదు."

కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు పిచ్చయ్య. నూనె మరకల చేతులకి అది తెల్లగా, అమాయకంగా కనబడింది. వాల్వు పీకింది తనే. అందులో అబద్ధం లేదు. ఒళ్ళు మండేది అందుకే.

*

రెండేళ్ళ కిందటి మాట. ఆకివీడు, కైకలూరు చెరువుల చేప ఐసుపెట్టెల్లో ఎక్కి అస్సాం దాకా పోవడం ఎప్పటినుంచో ఉన్నదే. కొత్త సొరంగాలు పడ్డాక ఆ పైన అరుణాచల్ మంచుకొండల్లోకి కూడా చలికాలమంతా లారీలు పోవడం మొదలైంది. పల్లపు లారీలు. పల్లపు డ్రైవర్లు. అక్కడ తెల్లారేసరికి డీజిలు ధనుర్మాసపు నెయ్యిలా పేరుకునేది, ఇంజను ఆయిలు ముదురు పాకమయ్యేది, తాళం తిప్పితే బ్యాటరీ ఒక్క మూలుగు మూలిగి ఊరుకునేది. డ్రైవర్లు ఆయిల్ చాంబర్ కింద గుడ్డపేలికలు కాల్చి ఇంజను వేడి చేసుకునేవాళ్ళు. అట్లా ఒక లారీ చేపలతో సహా తగలబడింది.

దాంతో పదకొండు లారీల ఆసామి ఆకివీడు గోపాలంగారు పిచ్చయ్య షెడ్డుకి వచ్చాడు. అతని లారీల్లో ఒకదానికి రత్నం డ్రైవరు.

"ఇంజనుకి చలిమంట కావాలి మేస్త్రీ. ఏది మంచిదో నువ్వే చెప్పు."

"మూడున్నాయండి. ఒకటి కరెంటు రాడ్డు. నీళ్ళు కాచుకునే రాడ్డు లాంటిదే, ఇంజను దిమ్మలో బిగిస్తాం. పడుకోబోయే ముందు ప్లగ్గు పెట్టుకుంటే తెల్లారి సగం తిప్పుకే అందుకుద్ది. కానీ కొండమీద ప్లగ్గు ఎవడు పెట్టాడు? రెండోది డీజిలు పొయ్యి. ఇంతే ఉంటది, ఇంజను నీళ్ళని కాచి తిప్పిద్ది. నా మాటింటే అది బిగించండి. క్యాబిన్‌లో మనిషికీ వెచ్చన."

"డీజిలు తాగుద్దా?"

"పొయ్యన్నాక తాగదా అండి? రాత్రికి రెండు లీటర్లు."

"ఆయ్, బాగుంది! డ్రైవర్లు తాగేది చాలక లారీలూ తాగుతాయా? మూడోది చెప్పు."

మూడోదాని గురించి పిచ్చయ్యకి అప్పటికి తెలిసింది తక్కువ. భీమవరంలో రొయ్యలు గడ్డకట్టించే ఫ్యాక్టరీలో ఎల్లుండి చూపిస్తారట, కరెంటు అక్కర్లేదట, డీజిలు అక్కర్లేదట అన్నాడు.

"మరి దేంతో కాగుద్ది?"

"మనిషితోనంట," అన్నాడు పిచ్చయ్య. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ ఫ్యాక్టరీ చల్లగది సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద. కొత్త లారీని సాయంత్రమే లోపలికి తోలి పెట్టారు. క్యాబిన్ పడకమీద వేలెడు మందం బూడిదరంగు పరుపు, దానిమీద కంపెనీ మనిషొకడు. తెల్లారి ఆసాములూ మేస్త్రీలూ అరువు శాలువాలు కప్పుకుని మూగారు. పరుపు మీద మనిషి లేచి తాళం తిప్పాడు. గుడిగంట కొట్టినంత సులువుగా ఇంజను అందుకుంది. చప్పట్లు.

శశాంక్ వివరించాడు. మనిషి నిద్రపోతున్నా ఒంట్లోంచి నూరు క్యాండిల్ బల్బంత వేడి ఊరికే గాల్లో కలిసిపోతుంది. ఈ పరుపు దాన్ని పోనివ్వదు. లాగి, సీటు కింద మైనం డబ్బాలో దాచి, ఇంజను నీళ్ళలోకి ఎక్కిస్తుంది. పైపొర మాత్రం ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది, కాబట్టి చర్మానికి చలి తెలీదు. పేరు స్లీప్ స్టార్ట్.

"వెచ్చగా ఉంటే, వేడి పోతోందని మనిషికెట్టా తెలుసుద్దండి?" అని అడిగాడు పిచ్చయ్య.

"తెలీకపోవడమే మా పేటెంటు," అని నవ్వాడు శశాంక్.

"మరి లాగుడు ఎప్పుడు ఆపుద్ది?"

"ఇంజను దిమ్మ నలభై డిగ్రీలకి రాగానే ఆగిపోతుంది. సెన్సార్ ఉంది."

"మా లారీల్లో థర్మోస్టాట్ వాల్వులు ఉండవండీ."

ఈ మాట అతను కావాలనే అన్నాడు. థర్మోస్టాట్ అంటే ఇంజను నోటి దగ్గర ఉండే ఇత్తడి బిళ్ళ, అరచేతిలో పట్టేంతది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ నీళ్ళని రేడియేటర్లోకి పోనివ్వదు, కాగాక తలుపు తీస్తుంది. మన ఎండల్లో అది ఒక్కసారి ఇరుక్కుందంటే ఇంజను హెడ్డు పగులుతుంది. అందుకని కొత్త లారీ వచ్చి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించగానే, పసుపు ఆరకముందే, ఆటోనగర్లో మొదటి పని ఆ వాల్వు పీకడం. తాతలనాటి మేస్త్రీలనుంచీ అంతే. పిచ్చయ్య షెడ్డులో పెయింటు డబ్బా నిండా అవే.

"ఫారంలో దానికో గడి ఉంది, రాయండి. సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు శశాంక్.

ఈలోగా ఆ రాత్రంతా పరుపుమీద పడుకున్న కంపెనీ మనిషి ఒక మూల కూర్చుని ఇడ్లీలు తింటున్నాడు. పదహారు తిన్నాడు. చుట్టూ చేరి పందెం కాసినట్టు నవ్వారే గానీ, మామూలు మనిషికి అంత ఆకలేంటని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

*

బిగించడం పెద్ద పనేం కాదు. ఇంజను చల్లారనిచ్చి నీళ్ళు దింపాలి. దిమ్మ పక్క మూత విప్పి అక్కడో గొట్టం, పైన వెనక్కొచ్చే చోట ఇంకో గొట్టం. రెండిటికీ క్లాంపులు. మైనం డబ్బా సీటు కింద, నాలుగు పది నంబరు బోల్టులు. మళ్ళీ గడ్డకట్టని మందు కలిపిన నీళ్ళు పోసి, గాలి బుడగల్లేకుండా చూసి, మూత బిగించాలి. పిచ్చయ్య మొదట రత్నం లారీకే బిగించాడు, శ్రద్ధగా, గొట్టాలు ఒరుసుకోకుండా సైకిల్ ట్యూబు చుట్టి మరీ.

ఫారంలో తొమ్మిదో గడి: థర్మోస్టాట్ వాల్వు ఉన్నదా? అక్షరం అక్షరం కూడబలుక్కుని 'లేదు' అని రాశాడు. వారంలో కాగితం తిరిగొచ్చింది, పైన కంపెనీ ముద్రతో: ఆమోదించబడింది. అలా గోపాలంగారివీ, మిగతా ఆసాములవీ కలిపి నలభై ఒక్క లారీలు. నలభై ఒక్క 'లేదు'లు. నలభై ఒక్క ముద్రలు.

వాల్వు లేకపోతే ఎక్కించిన వేడి రేడియేటర్లోకి పారి కొండగాలికి పోతుందని అతనికి తెలుసు. ఇంజను కాగడం కాస్త ఆలస్యమవుద్దిలే అనుకున్నాడు. ఇంజను గురించే అనుకున్నాడు. మేస్త్రీ బుర్ర ఇంజను దాటి వెళ్ళలేదు.

మొదటి చలికాలం రత్నం మురిసిపోయాడు. "బావా, నీ పరుపు మీద పడుకుంటే మా అమ్మ బొంతలో పడుకున్నట్టుంది," అనేవాడు. తిరిగొచ్చాక కంచం దించేవాడు కాదు. కుండెడు అన్నం తినేవాడు. అయినా చొక్కాలు వదులయ్యాయి. ఒకరోజు వడ్డిస్తున్న సామ్రాజ్యం చెయ్యి తగిలి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"అబ్బ! కాలుతున్నావేంటే?"

"నేను కాలడమేంటి? నీ చెయ్యే చచ్చిన చేపలా ఉంది!"

"పోనీలే, ఐసు ఖర్చు లేదు. నేను పట్టుకుంటే చేపలు చెడవు," అన్నాడు రత్నం.

డ్రైవర్లు అప్పటికే దానికి పేరు పెట్టేశారు. జలగ పరుపు. ముద్దుగానే పెట్టారు.

రెండో చలికాలం, పుష్య మాసంలో, సేలా కనుమకి ఇవతల కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయింది. మూడు రోజులు. డీజిలు దాచుకోవాలని ఇంజన్లు ఆపేసి డ్రైవర్లు క్యాబిన్లలో పడుకున్నారు. వెనక లారీ డ్రైవరు మూడోరోజు పొద్దున టీ పట్టుకెళ్ళి రత్నం తలుపు కొట్టాడు. పలకలేదు. అద్దం పగలగొట్టి చూస్తే పరుపుమీద నవ్వుమొహంతో పడుకుని ఉన్నాడు, హాయిగా, ఎనభై నాలుగు డిగ్రీల ఒంటితో. సైనిక ఆసుపత్రి వాళ్ళు బతికించారు. తొంభై నాలుగు దాకా తీసుకురాగలిగారు. అక్కడ ఆగింది. ఇలాంటి కేసు ఇదివరకెక్కడా చూడలేదు, ఇతని ఒళ్ళు వేడి పుట్టించుకోవడం మరిచిపోయింది, మళ్ళీ చల్లబడితే గుండె ఆగిపోతుంది అన్నారు.

ఇంతా చేస్తే ఆ ఇంజను? అందుకోలేదు. మూడు రోజులు మనిషి ప్రాణం పోసినా రాయిలా అలాగే ఉంది. పోసింది పోసినట్టు రేడియేటర్లోంచి మంచుగాలికి పోయింది.

*

గురువారం సాయంత్రం సామ్రాజ్యం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఆమె పదో తరగతి పాసయింది.

"సంతకం పెట్టేస్తానమ్మా," అన్నాడు పిచ్చయ్య తల ఎత్తకుండా. "షెడ్డు పోతే పోయింది. వాడు బతికితే చాలు."

"పెడుదువుగానిలే. ఒక్క సంగతి చెప్పన్నయ్యా. ఈ జబ్బు ఇదివరకు ఎక్కడా చూళ్ళేదని పెద్ద డాక్టర్లే అన్నారుగా?"

"అన్నారు."

"మరి జబ్బు మా ఆయనకే మొదట వస్తే, మందు వీళ్ళ దగ్గర ముందే ఎట్టా తయారైంది?"

పిచ్చయ్య తల ఎత్తాడు. పదహారు ఇడ్లీలు తిన్న మనిషి కళ్ళముందు కదిలాడు. వాడు అరువు శాలువా కూడా లేకుండా చల్లగది మూల కూర్చుని తినడం కదిలింది. వాడికి చలి వెయ్యలేదని కాదు. చలి తెలియడం ఎప్పుడో మానేసి ఉంటుంది.

"లంజాకొడుకులు," అన్నాడు నెమ్మదిగా. తర్వాత గట్టిగా. తర్వాత ఆటోనగర్ మూడో లైనంతా వినబడేట్టు.

"ముందు మా ఆయన్నడుగు," అంది సామ్రాజ్యం. "వైద్యం పోయేది ఆయనకి."

రత్నం కొలిమి దగ్గర్నుంచే అన్నాడు: "నలభై లారీలు ఇంకా తిరుగుతున్నాయి బావా. పైన నేను పడుకున్నట్టే పడుకుంటారు. కాగితం చించెయ్."

*

విచారణ అదే భీమవరం చల్లగదిలో పెట్టారు, హీటరు భద్రమైనదని చూపించుకుంటామని కంపెనీయే కోరుకుంది. విచారణాధికారి సుహాసిని మేడం ఉన్నికోటు వేసుకుని ఫైలుతో వచ్చింది. కంపెనీవాళ్ళు కొత్త లారీ సిద్ధం చేశారు.

"అది తియ్యండి," అన్నాడు పిచ్చయ్య. ముందురాత్రే తోలుకొచ్చి, ఫ్యాక్టరీవాళ్ళని అడిగి పక్క చల్లగదిలో చల్లారబెట్టిన రత్నం లారీని తోయించి లోపలికి తెచ్చి నిలబెట్టాడు. దిగి, పెయింటు డబ్బా మేడం బల్లమీద బోర్లించాడు. ఇత్తడి బిళ్ళలు గలగలా దొర్లాయి.

"నేనే పీకాను మేడం. ఇన్నీ నేనే పీకాను. బుద్ధి లేక, తెలిసీ తెలియక. దానికి ఏ శిక్షయినా వెయ్యండి. ఇవిగో కాగితాలు. నలభై ఒకటి. 'లేదు' అని రాసింది నేను. ముద్ర కొట్టింది వాళ్ళు. తప్పంతా నాదేనని సంతకం పెడితేనే మా బావకి వైద్యం అన్నదీ వాళ్ళే. ఇప్పుడు ఈ లారీలో నేను పడుకుంటాను, వాళ్ళ పరుపుమీదే."

"ఇది పద్ధతి కాదు," అన్నాడు శశాంక్. "వాల్వు లేని ఇంజను..."

"అట్లాంటి ఇంజనుకేగా ముద్ర కొట్టారు?"

మేడం కాగితాలు తిరగేసింది. చాలాసేపు తిరగేసింది. "కానివ్వండి," అంది. "నేను ఆపమన్నప్పుడు ఆపాలి."

పిచ్చయ్య ఎక్కి పడుకున్నాడు. మొదటి గంటలో అతనికి అర్థమైంది, రత్నం ఎందుకు నవ్వుమొహంతో దొరికాడో. నిజంగానే బొంతలా ఉంది. వీపుకింద వెచ్చగా ఎవరో జోకొడుతున్నట్టు. కోపం తెచ్చుకుందామన్నా కోపం కరిగిపోతోంది. దొంగ వెధవలు, తిట్టుకుంటూ చచ్చే వీలు కూడా ఉంచలేదు అనుకున్నాడు, అదీ నిద్రమత్తులోనే.

కింద శశాంక్ అరగంటకోసారి మీటరు చూసి చదువుతున్నాడు. "ఇంజను దిమ్మ, సున్నాకి తొమ్మిది కింద." "ఎనిమిది కింద." "మళ్ళీ తొమ్మిది కింద."

క్యాబిన్ తలుపు దగ్గర నిలబడి సామ్రాజ్యం చదువుతోంది. "మనిషి, తొంభై ఏడు." "మనిషి, తొంభై ఆరు." "మేడం, తొంభై నాలుగున్నర."

మేడం కలం ఆగింది. "ఇంజను రీడింగు రాశాను. ఇది... ఈ ఫారంలో మనిషి ఉష్ణోగ్రతకి గడి లేదు."

"లేదు మేడం," అంది సామ్రాజ్యం. "పరుపులో కూడా లేదు. ఇంజను కాగిందో లేదో చూసుకోడానికి సెన్సార్ పెట్టారు. మనిషి చల్లారిపోయాడేమో చూసుకోడానికి పెట్టలేదు. అడగండి, ఎందుకు పెట్టలేదో."

మేడం శశాంక్ వైపు తిరిగింది. అతను మీటరు వైపు చూశాడు. అలవాటు.

"పెడితే... అది ముందే ఆపేస్తుంది," అన్నాడు చివరికి. "ఇంజను స్టార్టవ్వదు."

మేడం ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకుంది.

"పెట్టి చూశారన్నమాట," అంది మేడం. "ఎంతమంది మీద చూశారు? వాళ్ళకేనా ఆ వైద్యం? ఆపండి. ఆయన్ని దింపండి."

శశాంక్ కదల్లేదు. రత్నమే కదిలాడు. చల్లగదిలోకి రావద్దని డాక్టర్లు చెప్పిన మనిషి, ఫ్యాక్టరీ పొయ్యిమీద కాచుకున్న వేడి ఇటుకలు గోనెసంచిలో ఒళ్ళో పెట్టుకుని ఇంతసేపూ గడప అవతల కూర్చున్న మనిషి, లేచి లోపలికొచ్చి క్యాబిన్ ఎక్కి బావ చంకల కింద చేతులు వేసి లాగాడు. పిచ్చయ్యకి లేవాలని లేదు. "ఇంకాసేపు," అని గొణిగాడు.

"చాల్లే, లెగు. అదంతే బావా, లేవనియ్యదు."

బయట ఎండలో కూర్చోబెట్టి ఇటుకల సంచి అతని ఒళ్ళోకి తోశాడు రత్నం. చెయ్యి చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు నెలలుగా ఎవరిని ముట్టుకున్నా నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంటున్నవాడు, ఈసారి లాక్కోలేదు.

"కాలట్లేదు బావా నీ చెయ్యి," అన్నాడు. అని ఏడ్చాడు.

మేడం లోపల్నుంచి వచ్చింది. పరుపులన్నీ విప్పేదాకా ఆ లారీలేవీ కదలకూడదని రాశానంది. వైద్యానికి ఎవరి సంతకమూ అక్కర్లేదని, రేపే తీసుకెళ్ళాలని, అదీ రాశానంది.

"మరి మనిషి సంగతి ఎక్కడ రాశారు మేడం? గడి లేదన్నారుగా," అన్నాడు పిచ్చయ్య, పళ్ళు టకటకా కొట్టుకుంటుండగా. వణుకుతున్నాడు. ఆ వణుకు చూసి సామ్రాజ్యానికి ప్రాణం లేచొచ్చింది.

మేడం ఫారం తిప్పి చూపించింది. అచ్చు గీతల పక్కన, ఖాళీగా ఉన్న అంచులో, ఆమె చేత్తో గీసిన గడి ఉంది. వంకరగా వచ్చింది. అందులో తొంభై నాలుగున్నర అని ఉంది.

పిచ్చయ్య దాన్ని చూసి, జేబులోంచి శశాంక్ ఇచ్చిన తెల్ల కాగితం తీసి, ముక్కు తుడుచుకున్నాడు.

"పానా తేరా బావా, పది నంబరు," అన్నాడు. "ఈ లారీతోనే మొదలెడదాం."